అలర్జీ కణాలకు పగ్గం: ఏ మందు ఏ వేళకు పని చేస్తుంది

ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్‌లో వడ్లు తూర్పార పట్టడం మొదలైన పావుగంటకే తుమ్ములు అందుకుంటాయి. ముక్కు కారుతుంది, కళ్లు దురద పెడతాయి. అప్పుడు మెడికల్ షాపుకు పోయి ఒక సిట్రిజిన్ మాత్ర తెచ్చి వేసుకుంటారు. అరగంటకు కూడా తగ్గకపోతే ‘ఈ మందు పవర్ సరిపోలేదు’ అనుకొని సూది మందు కోసం పోతారు. ఇలాంటప్పుడు చాలాసార్లు తప్పు మందుది కాదు, వేసుకున్న వేళది. అలర్జీలో పాల్గొనే కణాలు అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని నిమిషాల్లో, కొన్ని గంటల్లో కదులుతాయి. వాటిని ఆ దారి పట్టించిన కణాలైతే నెలలు, ఏళ్ల కిందటే తమ పని ముగించి ఉంటాయి. ఒక్కో మందు ఆ వరుసలో ఒక్క చోటే అడ్డం పడుతుంది. ఆ చోటు ఏదో తెలిస్తే ఎప్పుడు వేసుకోవాలో, ఎన్నాళ్లు వాడాలో, ఎందుకు ఫలితం రాలేదో ఎవరికివారే పట్టుకోగలరు.

ముందుగా ఆ కణాల సంగతి

ముక్కు లోపలి పొరలో, కంటి పొరలో, చర్మంలో, ఊపిరి గొట్టాల్లో, పేగు గోడల్లో మాస్ట్ కణాలు కాపలా ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ వాటికి రంగు పట్టించి చూసినప్పుడు లోపల నిండా గుళికలు కనిపించాయి. బాగా తిని బలిసిన కణాలు అనుకొని జర్మన్‌లో ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు. నిజానికి ఆ గుళికలు తిన్నవి కావు, కణం తానే తయారుచేసి దాచుకున్నవి. వాటిలో హిస్టమిన్, ట్రిప్టేజ్, హెపారిన్ ఉంటాయి.

పుప్పొడో, బొద్దింక పొడో, రొయ్యల ప్రొటీనో శరీరంలోకి వచ్చినప్పుడు కొందరిలో టీహెచ్2 అనే సహాయక టీ కణాలు (ఒక రకం తెల్లరక్త కణాలు) దాన్ని శత్రువుగా లెక్కగడతాయి. అవి ఇంటర్‌ల్యూకిన్ 4, ఇంటర్‌ల్యూకిన్ 13 అనే సంకేతాలను పంపుతాయి. ఆ సంకేతం అందుకున్న బీ కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తాయి. ఐజీఈ రక్తంలో రెండు మూడు రోజులకు మించి నిలవదు గాని, మాస్ట్ కణం ఒంటి మీదున్న గ్రాహకానికి (సంకేతం అందుకునే రిసెప్టర్‌కు) అతుక్కుంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది. అంతవరకు మనకు ఏ బాధా తెలియదు. అందుకే ‘ఇన్నేళ్లు తిన్నాను, ఇప్పుడే ఎందుకు వచ్చింది’ అనే ప్రశ్న వస్తుంది. ఆ ఏళ్లలోనే లోపల సరంజామా సిద్ధమైంది.

మళ్లీ అదే పుప్పొడి వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుని వంతెనలా కలిపితేనే మాస్ట్ కణం గుళికలు వదులుతుంది. ఒక్కదాన్నే పట్టుకుంటే కదలదు. హిస్టమిన్ నిమిషాల్లో బయటపడుతుంది. దాని వెంటే ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే వాపు రసాయనాలు తయారవుతాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. రక్తంలోంచి ఈసినోఫిల్ అనే తెల్లరక్త కణాలు అక్కడికి చేరి పొరను వాచేలా చేస్తాయి. పొద్దున కల్లంలో దుమ్ము పీలిస్తే రాత్రి ముక్కు దిబ్బడ వేసి నిద్ర పట్టకపోవడానికి కారణం ఈ రెండో విడతే.

శరీరానికి తన సొంత బ్రేకులూ ఉన్నాయి. మాస్ట్ కణం మీదే ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ కోసం ఒక నిరోధక గ్రాహకం ఉంది. ఒకే పుప్పొడి రేణువుకు ఐజీఈతో పాటు ఐజీజీ కూడా అంటుకుంటే ఆ గ్రాహకం సంకేతాన్ని మధ్యలోనే తుంచేస్తుంది. వీటన్నిటి పైన పెత్తనం నియంత్రక టీ కణాలది. ఇవి ఇంటర్‌ల్యూకిన్ 10 వంటి సంకేతాలతో టీహెచ్2 కణాలను సద్దుమణిగేలా చేస్తాయి. ఈ కణాలను గుర్తించి, అవి ఎలా పని చేస్తాయో తేల్చినందుకే షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ వైద్య బహుమతి వచ్చింది.

సిట్రిజిన్ జాతి మాత్రలు: దుమ్ముకు ముందే

ఈ మాత్రలు మాస్ట్ కణాన్ని ఆపవు. హిస్టమిన్ పోయి కూర్చునే హెచ్1 గ్రాహకాన్ని ముందే ఆక్రమిస్తాయి, అంతే. హిస్టమిన్ అప్పటికే కూర్చుని దురద, వాపు మొదలుపెట్టాక మాత్ర మింగితే ఆ విడతను వెనక్కి తిప్పలేదు, వచ్చేదాన్ని మాత్రమే ఆపుతుంది. కాబట్టి దుమ్ములోకి వెళ్లడానికి కనీసం ఒకటి రెండు గంటల ముందు వేసుకోవాలి. వరి కోతలో, పత్తి ఏరే రోజుల్లో రోజూ దుమ్ము తప్పదనుకుంటే ఆ వారాలంతా రోజుకొకటి చొప్పున ఒకే వేళకు వేసుకోవడం, బాధ వచ్చినప్పుడల్లా వేసుకోవడం కంటే ఎంతో మేలు.

పెద్దవాళ్లకు మామూలు మోతాదు రోజుకు సిట్రిజిన్ 10 మిల్లీగ్రాములు, లివోసిట్రిజిన్ 5, లోరాటడిన్ 10, బిలాస్టిన్ 20. ఫెక్సోఫెనడిన్ ముక్కు బాధకు 120, దద్దుర్లకు 180. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు సిట్రిజిన్, లివోసిట్రిజిన్ మోతాదు డాక్టర్ తగ్గించాలి. ట్రాక్టర్, హార్వెస్టర్, లారీ నడిపేవాళ్లు సిట్రిజిన్ బదులు ఫెక్సోఫెనడిన్ గాని బిలాస్టిన్ గాని అడగడం మంచిది, వీటితో మత్తు చాలా తక్కువ. పాతకాలం క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుని బండి నడపకూడదు. ఫెక్సోఫెనడిన్‌ను నారింజ, ఆపిల్ రసాలతో మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు, నీళ్లతోనే వేసుకోవాలి. బిలాస్టిన్ అన్నానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకు. ‘ఫలానా మాత్ర పని చేయలేదు’ అనేవాళ్లలో కొందరు చేసిన తప్పు కేవలం ఇదే.

నెలల తరబడి రోజూ సిట్రిజిన్ వాడి ఒక్కసారిగా మానేస్తే కొందరికి ఒళ్లంతా విపరీతమైన దురద వస్తుంది. అది పాత అలర్జీ తిరగబెట్టడం కాకపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆరు వారాలు దాటినా రోజూ దద్దుర్లు వచ్చేవాళ్లకు మోతాదును నాలుగు రెట్ల వరకు పెంచే పద్ధతి ఉంది, అది స్పెషలిస్టు చేతిలోనే జరగాలి. వీళ్లు డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులకు దూరంగా ఉండాలి. అవి ఐజీఈతో పని లేకుండానే దద్దుర్లు ఎగదోస్తాయి. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ చాలామందికి సరిపడుతుంది.

ముక్కు స్ప్రే: రెండు వారాల ఓపిక

ముక్కు దిబ్బడను విడిపించడంలో మాత్ర కంటే స్టెరాయిడ్ స్ప్రే గట్టిది. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ పేర్లతో దొరుకుతుంది. ఇది జన్యువుల స్థాయిలో పని చేసి ఈసినోఫిల్స్‌ను పిలిచే సంకేతాలను తగ్గిస్తుంది, పొరలోకి వచ్చి చేరిన మాస్ట్ కణాల సంఖ్యనూ తగ్గిస్తుంది. కాబట్టి పొద్దున కొట్టి మధ్యాహ్నానికి ఫలితం చూడకూడదు. కొంత తేడా సగం రోజుకు కనిపించినా, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలయ్యేవాళ్లు మార్చి మధ్య నుంచే మొదలుపెట్టాలి.

కొట్టే తీరులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు మెల్లగా ముక్కు చీదాలి. సీసా బాగా ఊపి, కొత్తదైతే సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి నొక్కాలి. తల కొంచెం కిందికి వంచాలి, పైకి ఎత్తకూడదు. కుడి ముక్కుకు ఎడమ చేతితో, ఎడమ ముక్కుకు కుడి చేతితో పట్టుకుంటే మొన దానంతటదే బయటి వైపుకు, అదే వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. నొక్కాక మెల్లగా పీల్చాలి. గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి పోయి చేదు తగులుతుంది తప్ప ముక్కులో నిలవదు. మొనను మధ్య దూలం వైపు పెట్టి కొడితే కొన్నాళ్లకు ముక్కు నుంచి రక్తం వస్తుంది. ఫ్లూటికాసోన్ అయితే పెద్దవాళ్లకు ఒక్కో ముక్కులో రెండేసి సార్లు, రోజుకు ఒకసారి. తగ్గాక ఒక్కోసారికి దించవచ్చు.

స్ప్రేకు పది నిమిషాల ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే మందు పొరకు బాగా అంటుతుంది. అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 4.5 గ్రాముల ఉప్పు కలపాలి. అది చిన్న చెంచాకు కాస్త తక్కువ. నల్లా నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడకూడదు. మరిగించని నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. అరుదే గాని సోకితే బతకడం కష్టం.

ముక్కు వెంటనే తెరుచుకునే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేరే జాతి. అవి రక్తనాళాలను బిగిస్తాయి తప్ప అలర్జీ కణాల జోలికి పోవు. ఐదు రోజులు దాటి వాడితే మందు వదలగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది.

కళ్లకు ఒలోపటడిన్ 0.1 శాతం చుక్కలు రోజుకు రెండుసార్లు. ఇది హిస్టమిన్‌కు అడ్డు పడుతూనే మాస్ట్ కణాన్నీ నిలబెడుతుంది. అచ్చంగా మాస్ట్ కణాన్ని పగలకుండా, అంటే గుళికలు వదలకుండా చూసే మందు క్రోమోగ్లైకేట్. అది రోజుకు నాలుగుసార్లు, సీజన్‌కు ఒకటి రెండు వారాల ముందు నుంచి వేస్తేనే గుణం. ఎర్రబడ్డాక వేసుకుని ‘మంట తగ్గలేదు’ అంటే మందును తప్పు పట్టలేం.

స్టెరాయిడ్ సూది గురించి గట్టిగా చెప్పాల్సింది

పల్లెల్లో తుమ్ములు, దమ్ము, దురద దేనికైనా డెక్సామెథసోన్ సూది, బీటామెథసోన్ మాత్రలు ఇచ్చే అలవాటు ఉంది. గంటల్లో హాయిగా అనిపిస్తుంది, అందుకే జనం మళ్లీ అదే అడుగుతారు. అది ఈసినోఫిల్స్‌ను, టీ కణాలను ఒకేసారి అణిచేస్తుంది గాని ఐజీఈ తయారయ్యే మూలాన్ని మార్చదు. వాడకం ఆగగానే కథ మొదటికొస్తుంది. మధ్యలో షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం వస్తుంది, అడ్రినల్ గ్రంథి తన పని మరిచిపోతుంది. నెలలు వాడి ఠక్కున మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవారికి ఇంకో ముప్పు ఉంది. స్ట్రాంజిలాయిడిస్ అనే పురుగు పేగులో ఉండగా స్టెరాయిడ్ పడితే అది ఒళ్లంతా పాకి చంపగలదు.

పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్లకు సరైన దారి పీల్చే స్టెరాయిడ్. మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరి గొట్టానికి చేరుతుంది. ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కటే వాడుతూ రోజులు గడపడం ప్రమాదం. ఊపిరి గొట్టం చుట్టూ ఉన్న కండరం సడలుతుంది గాని లోపల ఈసినోఫిల్స్ వాపు పెరుగుతూనే ఉంటుంది. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. ల్యూకోట్రయీన్లను అడ్డుకునే మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రలు వాడేవాళ్లలో పీడకలలు, చిరాకు, దిగులు, ముఖ్యంగా పిల్లల్లో ప్రవర్తన మారడం కనిపిస్తే మందు ఆపి డాక్టర్‌కు చెప్పాలి. ఆ హెచ్చరికను అమెరికా ఔషధ సంస్థ 2020లో అత్యంత తీవ్రమైన స్థాయికి పెంచింది.

‘ఈస్నోఫిలియా ఉంది’ అన్న రిపోర్టు

రక్త పరీక్షలో ఈసినోఫిల్స్ శాతం కంటే మొత్తం సంఖ్య ముఖ్యం. మైక్రోలీటరుకు 500 లోపు మామూలు. దాటితే అలర్జీ అని వెంటనే తేల్చకూడదు. మన దగ్గర నులిపురుగులు, కొంకి పురుగులు దీన్ని పెంచుతాయి. రాత్రిళ్లు విడవని పొడి దగ్గు, పిల్లికూతలు, సంఖ్య 3000 దాటడం, ఈ మూడూ కలిస్తే బోదకాలు క్రిమికి ఊపిరితిత్తులు స్పందించే జబ్బును అనుమానించాలి. కరీంనగర్, వరంగల్ వైపు బోదకాలు పాత సమస్య కాబట్టి ఈ మాట డాక్టర్‌కు గుర్తు చేయడం తప్పు కాదు. దానికి డాక్టర్ పర్యవేక్షణలో 21 రోజులు బోదకాలు క్రిమిని చంపే డీఈసీ మాత్రలు వాడతారు. ఆస్తమా మందులు ఎన్ని వాడినా ఆ దగ్గు పూర్తిగా పోదు. ఇంకొక మాట, స్టెరాయిడ్ పడిన గంటల్లోనే ఈసినోఫిల్స్ పడిపోతాయి. సూది వేయించుకుని మర్నాడు పరీక్షకు ఇస్తే రిపోర్టు ‘నార్మల్’ అని అబద్ధం చెబుతుంది.

మాస్ట్ కణం చేయని పనులు

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి వచ్చే మంట, తుమ్ములు, దగ్గు ఎక్కువ భాగం అలర్జీ కాదు. మిర్చిలోని క్యాప్సైసిన్ నేరుగా నొప్పి నరాలను రెచ్చగొడుతుంది. ఐజీఈ లేదు, కాబట్టి సిట్రిజిన్‌కు అక్కడ పెద్దగా పని లేదు. ముఖానికి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు కావాలి. తువ్వాల చుట్టుకుంటే పెద్ద రజను ఆగుతుంది, సన్నని పొడి ఆగదు. మంట పుట్టిన చర్మాన్ని ముందు నూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. క్యాప్సైసిన్ వట్టి నీళ్లలో కరగదు.

వయ్యారిభామ మొక్క పీకిన రెండు మూడు రోజులకు ముఖం, మెడ, మోచేతి మడతల్లో వచ్చే పొక్కులూ మాస్ట్ కణం పని కావు. ఆ మొక్కలోని పార్థెనిన్‌కు టీ కణాలు నేరుగా స్పందిస్తాయి. అందుకే ఆలస్యంగా వస్తుంది, అందుకే దద్దుర్ల మాత్రతో పోదు. దీనికి గుచ్చి చేసే పరీక్ష పనికిరాదు. వీపు మీద 48 గంటలు పట్టీలు అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేయాలి. అదే మొక్క పుప్పొడి కొందరి ముక్కులో మాత్రం అసలైన ఐజీఈ అలర్జీ తెస్తుంది. ఒకే మొక్క, రెండు దారులు. మొక్కను పూత రాకముందే, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కాతో పీకాలి. ఎండినదాన్ని కాల్చకూడదు.

ఇంట్లో తగ్గించాల్సింది

వంతెన కట్టే ప్రొటీన్ తగ్గితే ఆ మేరకు మాస్ట్ కణానికి పని తగ్గుతుంది. మన ఇళ్లలో పెద్ద నిల్వ దూది పరుపు, బొంత, దిండు. వాటిలో పెరిగే కంటికి కనిపించని దుమ్ము పురుగుల మలమే అసలు ప్రొటీన్. మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి ఇవి వృద్ధి చెందుతాయి. ఎండలో వేస్తే పురుగు చస్తుంది గాని మలం అలాగే ఉంటుంది. దులపాలి, అదీ అలర్జీ లేనివాళ్లు, ఇంటి బయట. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. పరుపుకు జిప్పుతో పూర్తిగా మూసుకునే సన్నని నేత కవర్ తొడగాలి.

ఎండాకాలం కూలర్ ఇంకో దారి. కిటికీలు మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పేరుకుంటుంది, తడి గడ్డిలో బూజు పెరుగుతుంది. ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి, తొట్టి నీళ్లు తరచూ మార్చాలి, సీజన్ మొదట్లో గడ్డి కొత్తది వేయాలి.

పరీక్షకు పోయే ముందు, అలర్జీ టీకాకు ముందు

చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకు వారం ముందు సిట్రిజిన్ జాతి మాత్రలన్నీ ఆపాలి, జలుబు సిరప్‌లలో కలిసినవి కూడా. లేకపోతే మాస్ట్ కణం పగిలినా పొక్కు లేవదు, ఉన్న అలర్జీ లేనట్టు వస్తుంది. ఫలితం 15 నుంచి 20 నిమిషాల్లో చూస్తారు. ఉత్త ద్రావణం గుచ్చిన చోటి కంటే పొక్కు కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతేనే లెక్క. పొక్కు లేచినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అది తగిలినప్పుడు నిజంగా బాధ వస్తుండాలి. నలభై పేర్లున్న రక్త పరీక్ష పట్టీ చూసి వంకాయ, పప్పు, పాలు అన్నీ మానేయడం పిల్లలకు పోషణ లేకుండా చేయడమే.

అలర్జీ టీకా ఒక్కటే నియంత్రక టీ కణాలను మేల్కొలిపే దారి. 1911లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇస్తూ పోతే ఐజీజీ4 యాంటీబాడీలు పెరిగి పుప్పొడిని మధ్యలోనే పట్టేస్తాయి. మూడు నుంచి ఐదేళ్లు సాగాలి. ఏడాదికే బాగుందని ఆపితే తిరగబెడుతుంది. ప్రతి సూది తర్వాత 30 నిమిషాలు క్లినిక్‌లోనే కూర్చోవాలి. జ్వరం, ఆయాసం ఉన్న రోజు వేయించుకోకూడదు. బీపీకి అటెనలాల్, ప్రొప్రనలాల్ వాడుతుంటే ముందే చెప్పాలి, అవి ఉంటే ఆపదలో ఇచ్చే అడ్రినలిన్ సూది సరిగా పని చేయదు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్ ప్యాక్‌కు, సీసాకు మధ్య గుడ్డ చుట్టాలి.

ఒళ్లంతా మాస్ట్ కణాలు ఒకేసారి పగిలితే

తేనెటీగలు, కందిరీగలు కుట్టాకనో, రొయ్యలు, పల్లీలు తిన్నాకనో, ఏదైనా సూది వేసిన నిమిషాల్లోనో దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం వస్తే అది అనాఫిలాక్సిస్. కొందరికి దద్దుర్లు రాకుండానే బీపీ పడిపోతుంది. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్, మరొకటి కాదు. అది రక్తనాళాలను బిగించి, ఊపిరి గొట్టాలను తెరిచి, మాస్ట్ కణం ఇంకా గుళికలు వదలకుండా కూడా ఆపుతుంది. ఏవిల్ (పాతకాలం అలర్జీ సూది), డెక్సా (స్టెరాయిడ్) ముందు ఇచ్చి అవి పని చేస్తాయా అని చూస్తూ కూర్చునే ఆ పది నిమిషాల్లోనే ప్రాణాలు పోతాయి.

మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ఆంప్యూల్ నుంచి పెద్దవాళ్లకు 0.5 మిల్లీలీటరు, పిల్లలకు కిలోకు 0.01 మిల్లీలీటరు చొప్పున, అంటే 20 కిలోల పిల్లకు 0.2. తొడ మధ్యలో బయటి వైపు కండరంలోకి నిటారుగా ఇవ్వాలి, బట్ట మీద నుంచైనా సరే. ఈ మోతాదు కండరానికి మాత్రమే, రక్తనాళంలోకి కాదు. ఐదు నిమిషాలకు మెరుగు లేకపోతే మళ్లీ ఇవ్వాలి. ఇది ఇచ్చేది శిక్షణ ఉన్న చేయి కాబట్టి దగ్గర్లోని పీహెచ్‌సీ గాని, 108 గాని ఏది ముందు అందితే అది. తేనెటీగ ముల్లు ఉంటే గోరుతో వెంటనే గీకేయాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి, వాంతులైతే పక్కకు తిప్పాలి. తగ్గిందనిపించినా లేపి నడిపించకూడదు. నిలబడగానే గుండెకు రక్తం అందక కుప్పకూలిన సందర్భాలు ఉన్నాయి.

కోలుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, రెండో విడత మళ్లీ రావచ్చు. వీలైతే మొదలైన రెండు గంటల లోపు ట్రిప్టేజ్ పరీక్షకు రక్తం తీయించాలి, 24 గంటలు దాటాక మరొకటి. రెండూ పోల్చితేనే మాస్ట్ కణాలు పగిలాయా లేదా అని తేలుతుంది. దేనివల్ల వచ్చిందో చూసే చర్మ పరీక్షకు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. పగిలిన కణాలు మళ్లీ గుళికలు నింపుకోవడానికి అంత సమయం కావాలి, అంతకు ముందు గుచ్చితే పొక్కు లేవక అసలు కారణం తప్పిపోతుంది.